ఎర్ర గిన్నెలో తెల్లచుక్క

ఇంకా రాలేదు. గుర్తు పెట్టని గిన్నెలో వచ్చేశాయి, అవి రావలసినవే, హార్మోన్ కలిపిన నీళ్ళలో పడ్డాక కూడా గుడ్డు నెత్తిన తెల్లచుక్క రాలేదంటే ఆ గుడ్డే పనికిమాలినదని అర్థం, అక్కడ ఒకదాని తర్వాత ఒకటి నల్లటి నెత్తి నడిమధ్య చిన్న తెలుపు తేలి, అంచు తేరి, గుండ్రంగా నిలబడుతోంది, చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కానీ నేను చూడవలసింది వాటిని కాదు. ఎర్ర గిన్నె. నీలం గిన్నె. రెండింటిలోనూ ఆవగింజంతేసి కప్ప గుడ్లు, పైసగం నలుపు, కింది సగం పాలిపోయిన పసుపు, నల్ల నెత్తులు పైకి పెట్టుకుని ఏమీ ఎరగనట్టు కూర్చున్నాయి. పొద్దున నా చేత్తోనే ఒక్కో గుడ్డుకీ గాజు సూదితో మందు ఎక్కించాను. ఒక గిన్నెలోకి వెళ్ళింది వదిన ఐదేళ్ళ పని, రెండోదాంట్లోకి వెళ్ళింది ఉత్త ఉప్పునీళ్ళు, ఏది ఎటు వెళ్ళిందో పెద్దాయనకి తప్ప ఎవరికీ తెలియదు. వదిన మందు పడ్డ గిన్నెలో హార్మోన్ లేకుండానే చుక్కలు వస్తే ఆమె చెబుతున్నది నిజం, థీసిస్ వెళుతుంది, ఆమె డాక్టరవుతుంది. రాకపోతే ఐదేళ్ళూ నీళ్ళపాలు. వచ్చేటట్టుంటే ఈ గంటలోనే రావాలి, అందుకే ఈ స్టూలు దిగకుండా, మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తకుండా, బయట ఎండ మండిపోతుంటే ఈ చల్లగదిలో స్వెట్టరు వేసుకుని కూర్చున్నాను, మెడ పట్టేసింది, కుడికన్ను కింద నరం ఒకటి దాని ఇష్టమొచ్చినట్టు అదురుతోంది.

తలుపు అవతల కుళాయి చప్పుడు. వదిన గాజుసామాను కడుగుతోంది. ఈ గంటలో ఆమె లోపలికి రాకూడదు, గుడ్ల ఊసు ఎత్తకూడదు, అది పెద్దాయన పెట్టిన షరతు. ఎక్కడికైనా వెళ్ళి కూర్చోమంటే వెళ్ళలేదు, తలుపు అవతల సింకు దగ్గర నిలబడి నిన్ననే కడిగిన గొట్టాలని మళ్ళీ కడుగుతోంది, నీళ్ళు కట్టేస్తుంది, కాసేపు ఏమీ వినపడదు, మళ్ళీ తిప్పుతుంది. ఆ చప్పుడు ఆగినప్పుడల్లా తలుపుకి చెవి పెట్టిందేమో అనిపిస్తుంది. పెట్టదు, ఆ రకం మనిషి కాదు, నేనైతే పెట్టేదాన్ని.

గుడ్లని చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది, నోరులేనివి అనిపిస్తుంది. నాకూ మొదటిరోజు అలాగే అనిపించింది. కాదు, లోపల బోలెడు మాటలు. గుడ్డు పొట్టలో ఉన్నప్పుడే తల్లికప్ప ఎన్నో కబుర్లు రాసి లోపల సర్దిపెట్టేస్తుంది, ఫలానా ప్రోటీన్ ఇలా చెయ్యి, ఫలానాది అలా చెయ్యి అని, కానీ చదవనివ్వదు. ఒక్కో కబురుకీ తోక పొట్టిగా కత్తిరించి, దాని మీద ఒక కాపలా ప్రోటీన్‌ని కూర్చోబెడుతుంది. అది కూర్చున్నంతసేపూ ఆ కబురు చదివేవాళ్ళు దగ్గరికి రాలేరు. వేళ వచ్చినప్పుడు, హార్మోన్ తగిలినప్పుడు, కాపలాదారు పక్కకి తప్పుకుంటుంది, తోక పొడుగు పెరుగుతుంది, కబురు చదవబడుతుంది, గుడ్డు పండుతుంది, నెత్తిన తెల్లచుక్క తేలుతుంది. ఆ తర్వాత పిండం ఒకటి రెండై రెండు నాలుగై వేలకి వేలు కణాలయ్యేదాకా సొంతంగా ఒక్క మాట మాట్లాడదు, మొత్తం సంసారం తల్లి రాసిపెట్టిన కబుర్ల మీదే నడుస్తుంది. ఆ కాపలా ప్రోటీన్‌కి పుస్తకాల్లో పొడుగాటి పేరు ఉంది, మా గదిలో దాని పేరు అత్తగారు. ఆవిడ ఉన్నంతసేపు ఎవరి నోరూ లేవదు కనక. పేరు పెట్టింది వదిన. ఆ అత్తగారి పక్కన ఇంకో ప్రోటీన్ అంటిపెట్టుకుని ఉండటం మొదట చూసిందీ వదినే, దానికి ఆడపడుచు అని పేరు పెట్టింది, నావంక చూసి మరీ పెట్టింది. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు కదక్కా, ఇక్కడేమో అర్ధ అత్తగారు, అంది. ఆడపడుచు పక్కన లేకపోతే అత్తగారి పెత్తనం సాగదు, కబుర్లన్నీ తమంతట తాము నోరు విప్పుతాయి, హార్మోన్ అక్కర్లేకుండానే గుడ్డు లేచి కూర్చుంటుంది. ఇదీ వదిన చెప్పేది. ఎక్కించే మందు ఆ ఆడపడుచుని పట్టి కట్టేసే యాంటీబాడీ. దాన్ని ఎక్కిస్తే ఆమె చేతుల్లో ప్రతిసారీ చుక్కలు వచ్చాయి. నేను నా కళ్ళతో చూశాను, మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి వచ్చాయి వచ్చాయి అని నేనే అరిచాను.

వేరే ఊళ్ళో వేరేవాళ్ళు చేస్తే రాలేదు. అదీ గొడవ. ఒక పెద్ద సమావేశంలో ఎవరో లేచి, మేము చేసి చూశాం, మాకు ఏమీ కనపడలేదు, అని కూర్చున్నారట, అంతే, తిట్టలేదు, వెక్కిరించలేదు, మంచినీళ్ళు తాగినంత మామూలుగా అన్నారట. పెద్దాయన తిరిగి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈ గది పెద్ద ఆయన, మంచివాడే, ఆయన మంచితనమే ఒక్కోసారి ప్రాణానికి వస్తుంది. మూడోరోజు వదినని కూర్చోబెట్టి, థీసిస్ పంపేముందు ఇంకో చెయ్యి చేసి చూడాలమ్మా, అన్నాడు. ఇంకో చెయ్యి అంటే నాదే, వణకని చెయ్యి ఈ గదిలో ఇంకెవరికీ లేదు. ఆడపడుచు చేత చేయిస్తే నలుగురూ నవ్వరా సార్, అన్నాను. అందుకేగా నీకు కూడా తెలియకుండా రంగులు వేస్తున్నది, అన్నాడు. ఎర్రమూత గొట్టం, నీలంమూత గొట్టం. ఏది ఏదో ఆయన పొట్టలో ఉంది.

చక్కని ఏర్పాటు అనుకున్నాను, ఈ గంట మొదలయ్యేదాకా. ఇప్పుడు తెలుస్తోంది దాని సంగతి. ఆశపడదామంటే ఎటు ఆశపడాలో తెలియదు. ఎర్ర గిన్నెలో చుక్క రావాలని కోరుకుందామా అంటే, అది ఉప్పునీళ్ళ గిన్నె అయితే? ఉత్త నీళ్ళకే గుడ్డు లేచిందంటే వదిన కొంప మునిగినట్టే. నీలంలో రావాలనుకుంటే అదీ అంతే. కోరిక కోరుకోడానికి కూడా చోటు లేని గంట ఇది. ఇందాకటి నుంచీ మనసులో ఎర్రది ఎర్రది అని ఒకసారీ, వద్దు వద్దు నీలం అని ఒకసారీ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ విప్పుకుంటూ ఉన్నట్టుంది నా పని. అయినా నాకేం కావాలో నాకు తెలుసా? వదిన గెలవాలని ఉందా? ఉంది. గట్టిగా ఉంది. దాని కింద ఇంకోటి కూడా ఉంది, అది మంచిది కాదు, దానికి పేరు కుళ్ళు. నేను ఇక్కడికి ఆమె కన్నా ఎన్నో ఏళ్ళు ముందు వచ్చాను. కప్పని మత్తులో ఉంచి పొట్టలోంచి గుడ్లముక్క తియ్యటం, ఆ ముక్కని గుడ్డుగుడ్డుగా విడదీయటం, గాజుగొట్టం వేడి చేసి సూదిగా సాగదీయటం, అన్నీ ఆమెకి నేర్పింది నేను. నేను కనిపెట్టింది ఏమిటి? నాలుగేళ్ళు ఒకదాని వెనక పడితే వేరేవాళ్ళు ముందు అచ్చు వేసుకున్నారు, ఆరోజు అందరూ వచ్చి ఓదార్చారు, ఫరవాలేదు, ఇంకోటి చెయ్యొచ్చు, అనుభవం ఎక్కడికి పోతుంది, అంటూ ప్రాణం తీశారు, ఈమె ఒక్కతే ఏమీ అనకుండా వచ్చి నా బల్ల మీద సామానంతా తీసుకెళ్ళి కడిగి ఆరబెట్టి వెళ్ళిపోయింది. అప్పటికి ఇంకా వదిన కాలేదు.

ఎలా అయిందో తలచుకుంటే ఇప్పుడు కూడా నవ్వు వస్తుంది, ఈ స్థితిలో కూడా. అన్నయ్య లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఈ భవనం లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది, లోపల ఈమె, చేతిలో గుడ్ల ట్రే. అన్నయ్య పైనుంచి సందులోకి వంగి, కంగారు పడకండి, పావుగంటలో దింపేస్తాను, అన్నాడట. ఈమె లోపలినుంచి, నా సంగతి వదిలెయ్యండి, ఇక్కడ ఉడికిపోతోంది, గుడ్లు పాడైపోతాయి, కాస్త ఐసు దొరుకుతుందా, అందట. వాడు ఐసు తెచ్చి సంచిలో కట్టి తాడుతో దింపాడు. ఇంటికొచ్చి, మీ ఆఫీసులో ఆ గుడ్లమ్మాయి ఎవరే, అని అడిగాడు, మూడుసార్లు అడిగాడు, నాకు అర్థమైపోయింది. పెళ్ళయ్యాక నేను ఆమెని వదినా అనటం మొదలుపెట్టాను, ఆమె మాత్రం నన్ను పాత అలవాటుగా అక్కా అంటుంది, ఇద్దరం ఒకరినొకరు పెద్ద చేసుకుంటూ ఉంటాం, వినేవాళ్ళకి అయోమయం. ఇక అమ్మ. అమ్మకి కోడలంటే వెర్రి. మా కోడలు కప్ప గుడ్లకి చదువు చెబుతుంది అని వీధంతా చాటింది, కబుర్లు చదవటం అని ఏదో విని అలా అర్థం చేసుకుంది. నీ కూతురు కూడా అక్కడే చేస్తుందిగా అని ఎవరో అంటే, ఆ, అదీ ఉంది, అందట. అదీ ఉంది. ఆ మాట నాతో చెప్పి వదిన పడిపడి నవ్వింది, నేనూ నవ్వాను, ఆ రాత్రి అన్నం సయించలేదు. గుడ్డులో రాసిపెట్టినట్టు మా అమ్మ నాలో ఏం రాసిపెట్టి ఎవరిని కాపలా పెట్టిందో, ఎప్పుడు చదవాలనుకుందో, ఎన్నేళ్ళని కూర్చోను.

ఉండు. ఏమిటది. ఎర్ర గిన్నె, అంచు దగ్గర గుడ్డు. లైటు కొంచెం పక్కకి తిప్పాను. నలుపులో పాలిపోయిన మచ్చ. గుండ్రమా? దాదాపు. ఇందాక లేదు, లేదా ఇందాక నేను చూడలేదు. దాని పక్కది, దానికీ ఉంది, చిన్నది. నీలం గిన్నె లాక్కున్నాను, నలుపు, నలుపు, నలుపు, ఒక్కదానికీ లేదు. మళ్ళీ ఎర్రది. ఇంకోటి. ఇంకోటి. మనసా కంగారు పడకు, చుక్క అంటే నడినెత్తిన ఉండాలి, ఇవి ఒక్క వెంట్రుకవాసి పక్కకి ఉన్నాయి, చుక్క అంటే అంచు తేరి ఉండాలి, వీటి అంచు కాస్త చెదిరింది, కానీ ఇప్పుడే కదా మొదలు, మొదట్లో అన్నీ అలాగే ఉంటాయి, కాసేపట్లో తేరుకుంటాయి. గుర్తు పెట్టని గిన్నెలో చుక్కలతో పోల్చి చూశాను. పోలితే పోలాయి, పోలకపోతే లేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారు, నేను పట్టుకున్నది కుందేలో కాదో కూడా తెలియటం లేదు. ఒక గిన్నెలో వచ్చాయి, ఒకదాంట్లో రాలేదు, అంటే ఏదో ఒకటి తేలిపోయింది, వదిన గెలిచిందో మునిగిందో ఈ క్షణంలో ఈ గిన్నెలో ఉంది, నాకు మాత్రం తెలియదు.

తెలియదా?

సూది. పొద్దున సూది విరిగింది. నీలం గొట్టంలోది సాఫీగా ఎక్కింది, గిన్నె మొత్తం ఒక్క సూదితో అయిపోయింది. ఎర్రదాంట్లోది రెండు గుడ్లకే మూసుకుపోయింది, ఊదాను, కడిగాను, కొన వంచి చూశాను, చివరికి విరిగింది, ఇంకోటి సాగదీశాను, అదీ మూసుకుపోయింది, విసుగొచ్చి లావుపాటి సూది ఒకటి పెట్టి కానిచ్చాను. ఉప్పునీళ్ళు సూదిని ఎందుకు మూస్తాయి? మూయవు. మూసేది గ్లిజరిన్. యాంటీబాడీ పాడవకుండా గ్లిజరిన్‌లో దాచిపెడతాం, అది జిగురు, చిక్కన. ఎర్రదే వదినది. పెద్దాయన రంగులు వేశాడు కానీ చిక్కదనానికి రంగు వెయ్యలేకపోయాడు. చేతికి పొద్దున్నే తెలిసిన సంగతి తలకి ఇప్పుడు ఎక్కింది. ఒళ్ళంతా వేడెక్కింది, ఈ చల్లగదిలో చంకల్లో చెమట. వదిన గెలుస్తోంది. ఎర్రది వదినది, ఎర్రదాంట్లో చుక్కలు, వదిన గెలిచింది, తలుపు తీసి అరవాలనిపించింది.

లేవలేదు. ఎందుకంటే ఇప్పుడు నా కళ్ళు నావి కావు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చనే, ఇందాక ఏ గిన్నె ఎవరిదో తెలియనప్పుడు ఒక వెంట్రుకవాసి పక్కకి ఉంది అన్నది ఈ కళ్ళే, ఇప్పుడు నడినెత్తినే ఉంది కదే అంటున్నదీ ఈ కళ్ళే. తెలిసినదాన్ని మరచిపోదామని చూశాను, కళ్ళు మూసుకున్నాను, తెరిచాను, మళ్ళీ ఎర్ర గిన్నె వదిన గిన్నెలాగే ఉంది. ఇంకో సంగతి కూడా పక్కనే నిలబడి ఉంది, దానివంక చూడటం లేదు నేను, లావుపాటి సూది. లావు సూదితో పొడిస్తే గాయం పెద్దది, గాయం దగ్గర నలుపు చెదిరితే అడుగున తెలుపు కనిపిస్తుంది. కనిపిస్తుందా? కనిపించవచ్చు. కనిపించాలని రూలు లేదు. నేను నడుము దగ్గర కదా పొడుస్తాను, నలుపూ పసుపూ కలిసేచోట, నెత్తిన పొడవను. కానీ లావు సూదికి గుడ్డు దొర్లిపోతోంటే కొన్నింటిని పైనుంచి పొడవలేదూ? కొన్నింటినా, అన్నింటినా? పొద్దున నేను ఏం చేశానో నాకే గుర్తు లేకపోతే ఇక ఎవరికి గుర్తుంటుంది, ఆ విసుగులో చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

కుళాయి ఆగింది. "అక్కా," అంది వదిన తలుపు అవతలినుంచి. "టీ పెట్టనా?"

"వద్దు వదినా."

"స్వెట్టరు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

ఇంకేదో అంటుందని ఎదురుచూశాను. మళ్ళీ నీళ్ళ చప్పుడు. గుడ్ల ఊసు ఎత్తకూడదన్నారు కనక స్వెట్టరు సంగతి అడిగింది. గొంతులో మాత్రం అడగనిది మొత్తం ఉంది. ఆమెకి ఒక కాలేజీలో మాట అయిపోయింది, థీసిస్ వెళితే ఈ ఏడే చేరుతుంది, సొంత గది, సొంత కప్పల తొట్టెలు, నీకు కుర్చీ వేస్తానక్కా వచ్చి కూర్చుని నన్ను తిట్టు, అంటుంది. పోతే మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అంటే ఎవరిస్తారు ఇంకో ఐదేళ్ళు. అన్నయ్య ఏమీ అనడు, వాడు ఎప్పుడూ ఏమీ అనడు, అమ్మ మాత్రం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది, ఆ నిశ్శబ్దం నాకు తెలుసు, నేను ఓడినప్పుడు ఆ ఇంట్లో తిరిగింది అదే. అది ఆమె మీదికి రాకూడదు. ఛీ, ఇంత ప్రేమ ఇందాక ఎక్కడుంది, కుళ్ళు అన్నాను కదా, కుళ్ళు ఎక్కడికి పోయింది? పోలేదు, ఉంది. రెండూ ఒకే చాప మీద కూర్చున్నాయి. వదిన ఓడిపోతే నేను సంతోషిస్తానేమో అని నాకు భయం, ఆ భయానికే ఆమె గెలవాలని ఇంత గట్టిగా కోరుకుంటున్నానేమో. చుక్కలు అనేస్తే? నేను కల్పించలేదుగా, మచ్చలు ఉన్నాయి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. ఉన్నవాటిని ఉన్నాయనటం అబద్ధం ఎలా అవుతుంది.

మెట్ల మీద పెద్దాయన అడుగులు. ఆయన అడుగు నాకు తెలుసు, ఒక కాలు కొంచెం ఈడుస్తాడు. అప్పుడేనా, ఇంకా గంట కాలేదు, అయిపోయిందేమో, గడియారం చూడలేదు. ఇంకొక్కసారి చూడనివ్వండి దేవుడా. ఎర్ర గిన్నె. మచ్చలు పెరిగాయా? పెరగలేదు. తగ్గాయా? తగ్గలేదు. నిజమైన చుక్క ఈపాటికి పెరిగి ఉండాలి. తలుపు తెరుచుకుంది, వేడిగాలి లోపలికి వచ్చింది, ఆయన వెనక గుమ్మంలో వదిన, చేతులనుంచి నీళ్ళు కారుతున్నాయి, గుమ్మం దాటలేదు.

"ఏం కనిపించిందమ్మా?" అన్నాడు పెద్దాయన.

"గుర్తు లేనిదాంట్లో బాగా వచ్చాయి సార్. నీలంలో ఏమీ లేవు." నా గొంతు ఎవరిదోలా ఉంది. "ఎర్రదాంట్లో ఉన్నాయి."

ఆయన మొహం మంచులా కరిగిపోయింది. నిజంగానే కళ్ళు చెమర్చాయి ఆ ముసలాయనకి. "ఎర్రది నీదేనమ్మా," అన్నాడు వెనక్కి తిరిగి. "రా, లోపలికి రా, చూసుకో." వదిన చేతులు చీరకి తుడుచుకుంది, నావంక చూసింది, నవ్వబోయింది, ఏడుపు అడ్డొచ్చింది, పెదవి కొరుక్కుని వచ్చి నా స్టూలు మీద కూర్చుంది. నేను పక్కకి జరిగాను. ఆమె భుజం మీద చెయ్యి వేశాను, వేసి తీసేశాను. అయిపోయింది, మంచే అయింది, ఇంటికి వెళ్ళి అన్నయ్యకి చెబుతాం, అమ్మ వీధిలోకి పరుగెత్తుతుంది, ఇంకేం కావాలి.

వదిన చాలాసేపు చూసింది. సంతోషంగా ఉన్నవాళ్ళు అంతసేపు చూడరు. గిన్నెని వేలితో కాస్త తిప్పింది, మళ్ళీ చూసింది. భుజాలు బిగుసుకోవటం నాకు వెనకనుంచి కనిపించింది.

"అక్కా, సూది మార్చావా?" అంది తల ఎత్తకుండా.

"మార్చాను. మూసుకుపోయింది."

"లావుది పెట్టావా?"

"ఊఁ."

"నాకూ ప్రతిసారీ మూసుకుపోయేది," అంది. అంత మెల్లగా అంది, తనతో తాను అనుకున్నట్టు. "ప్రతిసారీ దీనికే లావుది పెట్టేదాన్ని. ఉప్పునీళ్ళకి అక్కర్లేదుగా, సన్నదే సరిపోయేది." పెద్దాయన ఏదో అనబోయాడు. వదిన లేచి కెటిల్లో నీళ్ళు పట్టి స్విచ్ వేసింది.

అనుమానం ఉన్న గుడ్డుని మరిగే నీళ్ళలో ఒక్క క్షణం ముంచి, గట్టిపడ్డాక బ్లేడుతో నడిమికి కోసి చూడొచ్చు. నిజంగా పండిన గుడ్డులో కేంద్రకం కరిగిపోయి ఉంటుంది. పండనిదాంట్లో గుండ్రంగా, చెక్కుచెదరకుండా అలాగే కూర్చుని ఉంటుంది. ఈ సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు, ఎవరం చెయ్యం, చుక్క కనపడుతుంటే కోత ఎందుకు, కోస్తే గుడ్డు పోతుంది కదా అని. నాకూ తెలుసు. ఈ గంటసేపూ చెయ్యి చాపితే అందేంత దూరంలో కెటిల్ ఉంది, ఆ ఆలోచనని ఒక్కసారి కూడా గడప తొక్కనివ్వలేదు నేను.

"అవసరం లేదమ్మా," అన్నాడు పెద్దాయన. "షరతు ప్రకారమే చేశాం కదా. ఆమె చూసింది, చెప్పింది."

"నాకు చూడాలని ఉంది సార్," అంది వదిన.

నీళ్ళు మరిగాయి. ఆమె ఎర్ర గిన్నెలో గుడ్లని ఒక్కొక్కటే డ్రాపర్‌తో తీసి ముంచింది, చెయ్యి వణకలేదు, ఎవరన్నారు వణకని చెయ్యి నాదొక్కటేనని. మరచిపోకుండా గుర్తు పెట్టని గిన్నెలోంచి కూడా ఒకటి తీసి ముంచింది, ముందు దాన్ని కోసింది. లోపల ఏమీ లేదు, అంతా ఒకే రంగు, పండిన గుడ్డు ఎలా ఉండాలో అలా ఉంది. తర్వాత స్టూలు మీద నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేనన్నాను. కూర్చో అక్కా, నేను కోస్తాను, నువ్వు చూసి చెప్పు, అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. కూర్చున్నాను. కన్ను పెట్టాను. బ్లేడు వెలుగులోకి వచ్చింది, నల్లటి నెత్తి మీద పాలిపోయిన మచ్చ నడిమధ్యకి దిగింది, గుడ్డు రెండు చెక్కలైంది.

"ఉందా?"

ఈ గంటసేపూ నాకు నేను చెప్పుకున్న అబద్ధమంతా నోట్లో గడ్డకట్టి ఉంది. లోపల కేంద్రకం పాలలా, గుండ్రంగా, ఎవరూ ముట్టుకోనట్టు ఉంది.

"ఉంది," అన్నాను.

రెండోది పెట్టింది. కోసింది. "ఉందా?"

"ఉంది."

పెద్దాయన తలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు, వెళ్ళనూ లేదు, లోపలికి రానూ లేదు. మూడోది. ఉంది. ఇక చాలమ్మా అన్నాడు ఆయన, వదిన వినిపించుకోలేదు. ప్రతి దానికీ అడిగింది, ప్రతి దానికీ నేను చెప్పాను, తర్వాత తర్వాత మామూలు గొంతు వచ్చింది, ఇద్దరం రోజూ పని చేసుకునేటప్పుడు మాట్లాడుకునే గొంతు. నా కళ్ళలోంచి నీళ్ళు జారి కంటిగొట్టం తడిసింది, తుడుచుకుని మళ్ళీ చూశాను, తప్పు చెప్పకూడదని. గిన్నెలో గుడ్లు తరిగిపోతూ వచ్చాయి. చివరిదాన్ని ఆమె బ్లేడు కింద పెట్టుకుని కాసేపు ఆగింది. దాని మచ్చ అన్నింటికన్నా చక్కగా, నడినెత్తిన, గుండ్రంగా ఉంది. కోసింది. నేను నోరు తెరిచేలోపే, లెన్సులోకి చూడకుండానే, ఆమే అంది.

"ఉంది."